నిద్రమొగం పిల్ల పెళ్ళి ఫోటోలు

మనీషాకు నిద్ర ఎక్కువని ఆమెను చూసిన ప్రతివాళ్ళూ అనుకుంటారు. నిజానికి అంత తక్కువ నిద్రపోయే మనిషిని నేను చూడలేదు. మానుకోటలో మా ఇద్దరివీ పక్కపక్క అద్దె గదులు. నేను ఎం.ఏ. తెలుగు పూర్తిచేసి అక్కడి ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. నేను లేచి పుస్తకం తెరిచే వేళకే ఆమె బట్టలు ఉతికి, డబ్బా కట్టుకుని, తాను పనిచేసే లేడీస్ ఎంపోరియానికి బయలుదేరుతూ ఉండేది.

తప్పంతా రెప్ప వెంట్రుకలది. అందరికీ అవి కొంచెమైనా పైకి వంగి ఉంటాయి. మనీషాకు మాత్రం గుడిసె చూరులాగా సూటిగా కిందికి దిగి కంటిపాప మీద నీడ వేస్తాయి. నల్లగా, ఒత్తుగా, ముచ్చటగానే ఉంటాయి. కాని వాటి వెనక ఆమె కళ్ళు పూర్తిగా తెరిచి చూస్తున్నా ఎదుటివాళ్ళకు సగమే కనిపిస్తాయి.

బడిలో సార్లు సుద్దముక్క విసిరేవాళ్ళట. "లే నిద్రమొగమా!" అంటే, "నేను వింటున్న సార్" అని పాఠం మొత్తం అప్పజెప్పేదట. అయినా మర్నాడు మళ్ళీ సుద్దముక్క తప్పేది కాదు. ఆధార్ ఫోటో తీసే ఆయన "కండ్లు తెరువమ్మా, ఇంకా తెరువు, ఇంకా" అని విసిగిపోయి చివరికి ఎట్లా వచ్చిందో అట్లానే పంపేశాడు. ఎంపోరియం ఓనరు శోభారాణి మంచి మనిషే. ఆమె కూడా రోజుకు ఒకసారైనా అనేది: "మనీషా, జర కండ్లు తెర్వు. గిరాకి వచ్చింది."

పెళ్ళి కుదిరే రోజున అబ్బాయి ప్రకాశ్ ఏమీ అనలేదు. అతనిది భూపాలపల్లి అవతల ఒక తండా. అతని అక్క గీత మాత్రం చాయ్ కప్పు అందుకుంటూ, "పిల్లకు రాత్రి నిద్ర సరిపోలేదా ఏంది?" అంది. అందరూ నవ్వారు. మనీషా కూడా నవ్విందట. ఆ రాత్రి గదికి వచ్చి నాతో చెప్పింది.

"అక్కా, నా పెండ్లి ఫోటోలల్లన్న నేను మేల్కొని ఉన్నట్టు కనవడాలె. గంతే. ఇంకేం కోరిక లేదు."

అందుకోసం ఆమె కనిపెట్టిన మార్గం లాష్ లిఫ్టు. రెప్ప మీద మెత్తటి సిలికాన్ ప్యాడ్ అంటించి, వెంట్రుకలను దాని మీదికి వంచి గమ్‌తో పట్టించి, ఒక మందు రాసి మెత్తబరచి, ఇంకో మందు రాసి ఆ వంపును నిలబెట్టడం. పార్లర్‌లో చేస్తారు. అయితే ఆ పని చేసే పార్లర్ హనుమకొండలో ఉంది. వెళ్ళడానికి ఓనరు సెలవు ఇవ్వలేదు. ఫోనులో వీడియోలు చూసీ చూసీ, ఇంట్లోనే చేసుకునే విదేశీ కిట్ తెప్పించుకుంది. అది ఎంతకీ రాలేదు. మనీషా పెళ్ళికోసం డోర్నకల్ దగ్గరి తన పుట్టింటి తండాకు వెళ్ళిపోయాక, పెళ్ళికి ఒక రోజు ముందు షాపు అడ్రసుకు వచ్చింది. శోభారాణి దాన్ని నా చేతికిచ్చింది. నేను డోర్నకల్ దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ళ తండా చేరాను.

ఇక్కడ మనీషా వాళ్ళ దాది గురించి చెప్పాలి. దాది అంటే నాన్నమ్మ. పేరు సుక్కి. తల్లి లాలి, తండ్రి దేవ్యా మిరప కోతలకు ఊళ్ళు తిరుగుతుంటే మనీషాను పెంచింది ఆమే. మిరప చేతులతో కళ్ళు నులుముకుని పిల్ల గుక్కపెడితే, సుక్కి తన తలమీది గుడ్డ కొసను ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి, ఆ వెచ్చని ఉండను కంటి మీద అద్దేదట. కొన్నేళ్ళ కిందట చిన్నకొడుకు హన్మంత్ మహదేవపూర్ వైపు పొలం కౌలుకు తీసుకుంటే, సుక్కి అతనితో వెళ్ళిపోయింది. అప్పటినుంచి మనీషా ఆమెను చూసింది బహు తక్కువ.

లంబాడీ ఆడవాళ్ళు చాలాకాలానికి కలుసుకుంటే నవ్వుతూ పలకరించుకోరు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. నువ్వు నాకు ఏమవుతావు, నిన్ను చూసి ఎన్నాళ్ళయింది, ఈ మధ్యలో ఎవరు పోయారు, ఎవరు పుట్టారు, అన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. అయిపోయాక కళ్ళు తుడుచుకుని చాయ్ తాగుతారు. దాన్ని ఢావ్లో అంటారు. ఎదుటి మనిషి మెడ పట్టుకుంటే తిరిగి ఏడవకపోవడం చాలా పెద్ద తప్పు. పెళ్ళికూతురైతే అప్పగింతల్లో తనవాళ్ళు ఒక్కొక్కరినీ పట్టుకుని పాడాలి. ఇప్పటి పిల్లలకు ఆ పాట రాదు. పెద్దవాళ్ళు పాడుతుంటే పక్కన వెక్కుతారు. మనీషాకు వచ్చు. సుక్కి నేర్పింది.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. పందిరి వేస్తున్నారు. డీజే డబ్బాలు దించి ఊరికే మోగిస్తున్నారు. మనీషా నన్ను బియ్యం బస్తాలున్న గదిలోకి లాక్కెళ్ళి గొళ్ళెం పెట్టింది.

"అక్కా, కాయితం జర నిమ్మలంగ సదువు. మొదలు ఏంజెయ్యాలంట?"

"రెప్పలకు నూనె, కాటుక లేకుండా తుడవాలట."

తుడిచింది. నేను చదువుతూ పోయాను, ఆమె తల ఊపుతూ పోయింది. అంతా ఆమెకు ముందే కంఠతా వచ్చు. నా నోటితో వింటే ధైర్యమని అడిగినట్టుంది. చివరి వాక్యం దగ్గర నేనే ఆగాను.

"రేపు ఇదే వేళ దాకా రెప్పలకు తడి తగలొద్దట. ముఖం మీద నీళ్ళు పోసుకోవద్దు. ఆవిరి కూడా పట్టొద్దట."

"మరి ఏడుపు?"

"ఏడుపు సంగతి రాయలేదు."

"ఆ దేశపోళ్లు పెండ్లిల ఏడ్వరేమో" అని నవ్వింది. తర్వాత వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. "అప్పగింతలు రేపు పొద్దుగూకినంక. దాది గూడ హన్మంత్ కాకా వాళ్ల బండిల రేపు మాపటికే వస్తది. గప్పటికి గడువు దాటుతది. అప్పుడు కడుపునిండ ఏడుస్త."

లెక్క సరిగ్గానే ఉంది. నాకు కూడా తప్పేమీ కనిపించలేదు.

రెండు కళ్ళూ ఒకేసారి చేసుకోవడం కుదరదు. ఒక కన్ను మూసుకుంటే రెండో కన్నుతో అద్దంలో చూసుకోవాలి. ముందు కుడి కన్ను పట్టింది. బస్తా మీద అద్దం ఆనించి, ఊపిరి బిగబట్టి, దువ్వెన లాంటి చిన్న పుల్లతో ఒక్కొక్క వెంట్రుకనూ ప్యాడ్ మీదికి ఎక్కించింది. నా పని ఫోనులో గడియారం చూడడం. ఒకటో మందు, తుడవడం, రెండో మందు, తుడవడం. చివరికి ప్యాడ్ ఊడదీసి కన్ను తెరిచింది.

కన్ను మొత్తం కనిపించింది. ఆమె కంటిపాప నల్లది కాదనీ, తేనెరంగనీ నాకు అప్పుడు తెలిసింది. మనీషా అద్దాన్ని వెలుతురులోకి తిప్పుకుంది.

"గింత పెద్దగున్నదా అక్కా నా కన్ను?"

కాసేపు చూసుకుని ఎడమ కన్ను మొదలుపెట్టింది. ప్యాడ్ అంటింది. వెంట్రుకలు ఎక్కాయి. ఒకటో మందు రాసుకుని, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం కప్పుకుంది. నేను ఫోనులో సమయం పెట్టాను. అప్పుడే బయట డీజే ఆగిపోయింది.

పందిరి అవతల నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. మొదట పాట అనుకున్నాను. దగ్గరికి వచ్చేకొద్దీ ఏడుపని తెలిసింది. మనీషా చేతిలో అద్దం కిందికి దిగింది.

"దాది" అంది.

రేపటి దాకా మనసు పట్టలేక సుక్కి ఒక్కతే ముందు రోజే బస్సెక్కి వచ్చేసింది. మహదేవపూర్ నుంచి భూపాలపల్లి, అక్కడ మారి వరంగల్, మళ్ళీ మారి ఇక్కడికి.

మనీషా యాడి, అంటే తల్లి లాలి, తలుపు కొట్టింది. "మనీషా! దాదొచ్చింది. తలుపు తీయ్."

"యాడీ, జర ఆగుమను. కొద్దిసేపే."

"ఏడ్సుకుంట వచ్చే ముసలామెను ఎవలన్న ఆగుమంటరా? తండంత చూస్తాంది. నీకేమన్న తెలివున్నదా?"

గొళ్ళెం బలహీనమైనది. లాలి భుజంతో నెట్టగానే ఊడింది. సుక్కి గుమ్మంలో నిలబడింది. పొట్టి మనిషి, అద్దాల రవికె, బస్సు దుమ్ముతో తెల్లబడిన ముఖం. వెనక పదిమంది ఆడవాళ్ళు. చేతులు చాచి రాగం అందుకోబోయి, మనవరాలి ముఖం చూసి ఆగిపోయింది. ఒక కన్ను విప్పారి ఉంది. ఇంకో కన్ను మీద ప్లాస్టిక్, దాని కింద తెల్లటి మందు, అందులో పైకి అతుక్కున్న వెంట్రుకలు. లంబాడీలో ఏదో అడిగింది. దెబ్బ తగిలిందా అని అడిగి ఉంటుంది.

మనీషా చెయ్యి అడ్డం పెట్టింది. "ఏం గాలే దాదీ. ముట్టకు, ముట్టకు. దూరమే ఉండు."

గుమ్మంలో గుసగుసలు మొదలయ్యాయి. "దాదిని దూరముండుమంటాంది సూడు." "పట్నం కొలువు గదా." సుక్కి చాచిన చేతులు అట్లాగే ఉన్నాయి. వాటిని దించడం ఆమెకు తెలియలేదు.

మనీషా తల వెనక్కి వాల్చి పైకప్పు వైపు చూసింది. కన్నీళ్ళు కారకుండా ఆపుకోవడానికి అట్లా చేస్తారు. కుడి కన్ను నిండుతూ ఉండడం నేను చూశాను. నిండింది. ఇక ఆపలేక తనే రెండడుగులు వేసి దాది మెడ పట్టుకుంది.

ఢావ్లో మొదలైంది. ముందు సుక్కి, తర్వాత మనీషా, తర్వాత ఇద్దరూ కలిసి. ఎడమ కంట్లో ఊరిన నీళ్ళకు మందు కరిగి లోపలికి దిగింది. మనీషా కెవ్వుమంది. గుమ్మంలో ఒకామె మెచ్చుకోలుగా తల ఊపింది. అది కూడా ఏడుపే అనుకున్నారు. "మందు కంట్లోకి పోతుంది, విడిపించండి" అన్నాను. ఆ రాగంలో నా మాట ఎవరికీ వినపడలేదు. నా చేతిలో ఫోను మోగింది. దాన్ని ఎట్లా ఆపాలో కూడా తోచలేదు. మూలనున్న బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, ఆ ఇద్దరి మధ్య దూరి, మనీషా ముఖం మీద పోశాను. సుక్కి రవికె కూడా తడిసింది.

ప్యాడ్ ఊడి కింద పడింది. మనీషా కన్ను పట్టుకుని కూలబడింది. నేను పోస్తూనే ఉన్నాను. చివరికి సుక్కి నన్ను పక్కకు జరిపి, తలమీది గుడ్డ కొస ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి కంటి మీద అద్దింది. మిగిలిన గమ్‌కు ఆ గుడ్డ అంటుకుంది. లాగితే మనీషా మళ్ళీ అరిచింది.

సాయంత్రానికి మంట తగ్గింది. దేవ్యా డోర్నకల్ వెళ్ళి మందుల షాపులో అడిగి కంటిచుక్కలు తెచ్చాడు. చూపుకు ఏమీ కాలేదు. కాని ఎడమ రెప్ప వెంట్రుకలు కొన్ని పైకి, కొన్ని పక్కకు, కొన్ని కిందికి, కోడి తొక్కిన నారుమడిలా అయ్యాయి. కన్ను పండుమిరపలా ఉంది. కుడి కన్ను కూడా తడికి సగం వాలింది.

"నేను రేపే వస్తే ఇట్లయ్యేది గాదు బిడ్డా" అంది సుక్కి, నేను ఉన్నానని తెలుగులోనే.

"నీదేం లేదు దాదీ."

"నీ రెప్పలకేం తక్కువయింది? ఎండల పనికి పోతే కంటికి నీడ. నీకు నేనే అట్ల దువ్విన చిన్నప్పుడు, ఆముదం పెట్టి, కిందికి."

మనీషా తెల్లబోయి నా వైపు చూసింది.

ఫోటోలు తీసే యుగేందర్ వచ్చి కన్ను చూశాడు. "పరేషాన్ గాకు చెల్లె. కంప్యూటర్ల అంత సాఫ్ చేస్త. నీ కన్ను నేను తెరిపిస్త."

పెళ్ళి బాగానే జరిగింది. అప్పగింతలప్పుడు మనీషా సుక్కి మెడ పట్టుకుని పాడింది. నాకు మాటలు అర్థం కాలేదు. మా జనగామ వైపు పెళ్ళిళ్ళలో చాలా ఏడుపులు చూశాను గాని, ఇట్లాంటిది చూడలేదు. ఆగి ఆగి, ఒక్కో సంగతీ తలచుకుని, దానికి తగిన రాగం వెతుక్కుని ఏడుస్తోంది. ముసలివాళ్ళు మాటలు మానేసి విన్నారు. మనీషా వాహనం ఎక్కాక సుక్కి తడిసిన భుజాన్ని తుడుచుకోకుండా అట్లాగే తిరిగింది. కనబడ్డ వాళ్ళకల్లా చూపించింది. "నా పిల్లకు మొత్తం వచ్చు" అంది నాతో.

తర్వాత ఎండాకాలంలో మా అమ్మ కాళేశ్వరం వెళ్దామంటే, దారిలో భూపాలపల్లిలో దిగి మనీషా అత్తగారి తండాకు వెళ్ళాం. సుక్కి కూడా అక్కడే ఉంది. మహదేవపూర్ దగ్గరే కాబట్టి నెలకొకసారి వస్తుందట. గడపలోనే మనీషా నన్ను చూసి నవ్వింది. లిఫ్టు చేసిన వెంట్రుకలు రాలిపోయి కొత్తవి వచ్చాయి. చూరు మళ్ళీ కిందికి దిగింది.

చాయ్ తాగుతుండగా పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ గీత ఆల్బమ్ తెచ్చి మా అమ్మ ఒళ్ళో పెట్టింది. నలుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా చేరారు. యుగేందర్ మాట నిలబెట్టుకున్నాడు. ఒక ఫోటోలో బాగా వచ్చిన కుడి కన్నునే తీసి, తిప్పి, అన్నిట్లోనూ రెండు వైపులా అతికించినట్టున్నాడు. ప్రతి ఫోటోలోనూ మనీషా కళ్ళు విశాలంగా, నిర్మలంగా ఉన్నాయి. ఎక్కడా ఎరుపు లేదు, వాపు లేదు. ఒక్క చుక్క తడి లేదు.

"మస్తు మంచిగ వచ్చింది గదా" అంది అమ్మ.

గీత ఒక పేజీ దగ్గర ఆగింది. అప్పగింతల ఫోటో. హారతి ఏర్పాట్లకని ముందే బయలుదేరిన గీత ఆ అప్పగింతలు కళ్ళారా చూడలేదు. సుక్కి వీపు మనవైపు ఉంది. ఆమె భుజం మీద మనీషా ముఖం, నోరు రాగంలో తెరుచుకుని ఉంది. ఆ పైన రెండు పెద్ద పొడి కళ్ళు ఎటో ఉత్సాహంగా చూస్తున్నాయి.

"గిది చూడుండ్రి. ఉత్తగ నోరు తెరిచింది మా మరదలు. ఒక్క చుక్క రాలేదు. మా తండకు వచ్చుడంటే గంత ఖుషీనా పిల్లా?"

పక్కింటామె నవ్వింది. "ఇప్పటి పిల్లలు ఏడుస్తరా? ఫోటో చెడిపోదూ?"

"వదినా, అది యుగేందర్ చేసిండు. నేను ఏడ్చిన" అంది మనీషా. ఎన్నోసారి చెప్తోందో, గొంతులో పట్టుదల లేదు.

అసలు ఫోటోలు ఇమ్మని యుగేందర్‌ను అడిగిందట. సాఫ్ చేసినవే దాచానని, మిగిలినవి తీసేశానని చెప్పాడట. వీడియోలో ఆ చోట డీజే పాట పెట్టాడు, ఏడుపు వినపడదు. అంత దుఃఖంలో ఫోను బయటికి తీయాలని మాలో ఎవరికీ అనిపించలేదు.

సుక్కి ఆల్బమ్‌ను చాలాసేపు చూసింది. బొటనవేలితో ఆ కళ్ళ మీద రుద్దింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ఆడనే ఉన్నవ్ గదా బిడ్డా. వీళ్లకు చెప్పు."

"ఏడ్చింది" అన్నాను. "చాలా ఏడ్చింది. నేను చూశాను."

"నువ్వు దాని దోస్తువు, అట్లనే అంటవ్" అని గీత నవ్వుతూనే పేజీ తిప్పబోయింది. ఆమెలో చెడ్డతనం లేదు. సరదాగా అంటోంది, అంతే.

సుక్కి లేచింది. మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా లేచి, మనీషా ఎదురుగా నిలబడి చేతులు చాచింది.

"రా. గిప్పుడు ఏడ్వు. వీళ్లు చూస్తరు."

"వద్దు దాదీ, ఇడ్సిపెట్టు."

"రా అంటున్న గదా."

మనీషా ఆమె మెడ పట్టుకుంది. సుక్కి రాగం అందుకుంది. ఆ పెళ్ళినాటి రాగమే. గీత ఆల్బమ్ మూసి, "ఉండుండ్రి, నేను తీస్త, గీసారి సక్కగ తీస్త" అంటూ ఫోను పైకెత్తి దగ్గరికి వచ్చింది. మనీషా గొంతు కలిపింది. మాటలన్నీ వచ్చాయి, ఒక్కటీ తప్పలేదు. సుక్కి ఆగి, మనవరాలి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళలోకి చూసింది. కిందికి దిగిన వెంట్రుకల వెనక తడి ఉందో లేదో కనబడక, బొటనవేలితో ఒక రెప్పను పైకెత్తింది.

"వస్తలేవు దాదీ" అంది మనీషా.

సుక్కి రెప్పను వదల్లేదు. ఇంకా చూస్తూనే ఉంది. గీత ఫోను పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.